మోటారు ఇంజనుకు నిప్పు అదను

సేద్యమునకు అదను ఎంత ముఖ్యమో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. విత్తనము మేలైనదే కావచ్చును, భూమి బలమైనదే కావచ్చును, ఎరువు చాలినంత పడియుండవచ్చును. అయినను పదును దాటిన పిమ్మట చల్లిన గింజ చేతికి వచ్చునన్న నమ్మకము లేదు. పదును రాకముందే తొందరపడి చల్లినను అంతే. మోటారు బండి ఇంజనుకును ఇట్టి అదను ఒకటి కలదు. దానినే మెకానిక్కులు టైమింగు అందురు. ఆ అదను ఎట్టిది, అది తప్పిన నేమగును, దానిని సరిచూచుకొను విధమెట్టిది అను మూడు సంగతులను ఈ ప్రసంగమున మనవి చేయదలచినాను.

నేను చెప్పునది ముఖ్యముగా పాత పెట్రోలు బండ్లను గూర్చి. వంగదేశమున ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారైన యాంబాసిడరు, బొంబాయిలో తయారైన పద్మిని, పాత పెట్రోలు జీపులు, ఇవి యెల్ల ఈ కోవలోనివి. వీని తయారీ నిలిచిపోయినది గాని బండ్లు మాత్రము అక్కడక్కడ పాకలలోను, పెండ్లి ఊరేగింపులలోను, పెద్దల నాటి జ్ఞాపకముగ దాచుకొన్న ఇండ్లలోను నేటికిని కలవు. ఇట్టి బండి గలవారి వద్దకు ఎవడో యొకడు వచ్చి, “కొంచెము టైమింగు ముందుకు జరిపెదను, బండి గుఱ్ఱమువలె పరుగెత్తును” అని చెప్పుట కద్దు. ఆ మాట ఎంతవరకు నిజము, ఎక్కడనుండి ప్రమాదము అను వివేకము యజమానికి ఉండవలెను.

ముందుగా ఇంజను నడచు తీరు. సిలిండరనగా ఇనుప గొట్టము. అందు పిస్టను అను బిరడా పైకిని క్రిందికిని ఆడుచుండును. అది మొదట క్రిందికి దిగుచు గాలి కలిసిన పెట్రోలు ఆవిరిని పీల్చుకొనును. రెండవ మారు పైకి వచ్చుచు దానిని అదుమును. అప్పుడు ప్లగ్గున నిప్పురవ్వ పుట్టి ఆ ఆవిరి మండి, పిస్టనును బలముగా క్రిందికి త్రోయును, ఇది మూడవది. నాలుగవ మారు పిస్టను పైకి వచ్చుచు పొగను వెలికి నెట్టును. ఈ నాలుగింటిలో మనకు పని చేసిపెట్టునది మూడవది యొక్కటియే. తక్కిన మూడును దానికి ఊడిగము చేయునవి.

ఇక చూడుడు. ఆవిరిని పూర్తిగా అదిమి పిస్టను పైకొనకు చేరినప్పుడు నిప్పు అంటించవలెనని మనకు తోచును. కాని అట్లు చేసిన పని చెడును. ఏలయన పెట్రోలు ఆవిరి తుపాకిమందువలె ఒక్కసారిగా పేలునది కాదు. రవ్వ పుట్టినచోట మొదలై మంట క్రమముగా సిలిండరు అంతటను ప్రాకవలెను. దానికి సుమారు సెకనులో 500వ వంతు కాలము పట్టుననుకొందము. మనకది లెక్కలోనికి రాని కాలము. ఇంజనుకు మాత్రము దీర్ఘకాలమే. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజను సెకనుకు 50 చుట్లు తిరుగును. చుట్టుకు 360 డిగ్రీల చొప్పున సెకనులో 500వ వంతున అది 36 డిగ్రీలు తిరిగిపోవును. అనగా పైకొన వద్ద నిప్పంటించినచో, మంట అంతటను వ్యాపించునప్పటికి పిస్టను చాల క్రిందికి జారిపోయి యుండును. పారిపోవు దూడను వెనుకనుండి అదలించినట్లు, మంట పిస్టనును వెంబడించునే గాని దానిని త్రోయజాలదు.

అందువలన పిస్టను పైకొనకు చేరుటకు కొంత ముందుగానే రవ్వ పుట్టవలెను. పిస్టను పైకొనను దాటి 10, 15 డిగ్రీలు క్రిందికి దిగునప్పుడు మంట యొక్క ఒత్తిడి పరాకాష్ఠకు రావలెను. ఊయల నూపునపుడు అది వెనుకకు వచ్చి, మరల ముందుకు మరలిన క్షణముననే త్రోయుదుము గదా, ఇదియు అట్టిదే. ఎదురు వచ్చునపుడు త్రోసిన చేయి నొప్పెట్టును, దాటిపోయిన తరువాత త్రోసిన చేయి గాలిలో ఆడును.

నిమిషమునకు 600 చుట్లతో మెల్లగా తిరుగునపుడు అదే కాలమున ఇంజను 7 డిగ్రీలు మాత్రమే తిరుగును. కావున మెల్లగా తిరుగునపుడు రవ్వ కొద్దిగా ముందుండిన చాలును. వేగమునకు ఎక్కువ ముందుండవలెను. వేగము హెచ్చినకొలది లోపలి గాలి సుడులు తిరిగి మంటయు త్వరగా ప్రాకును గనుక, పై లెక్క అంతటను అక్షరాల వర్తింపదు. అయినను దాని దారి అదియే. మొదటి రోజుల బండ్లలో ఈ పని నడుపువాని చేతిలోనే యుండెడిది. అమెరికాలో 1908 మొదలు 1927 వరకు కోటి యాబది లక్షలకు పైగా తయారైన ఫోర్డు ‘టీ’ మాదిరి బండిలో స్టీరింగు చక్రము క్రింద ఎడమ ప్రక్క ఒక చిన్న మీట ఉండెడిది. బండి వేగమును బట్టి ఆ మీటతో రవ్వను ముందునకో వెనుకకో జరుపుచుండెడివారు.

ఆ మీటను వెనుకకు జరుపక హ్యాండిలు త్రిప్పిన వానికి పెద్ద అపాయము. రవ్వ మరీ ముందుగ పుట్టి, పిస్టను పైకి రాకమునుపే దానిని వెనుకకు తన్నును. ఆ తన్ను హ్యాండిలునకు తగిలి, త్రిప్పువాని మణికట్టును, ముంజేతిని విఱుగగొట్టెడిది. 1912 నాటి కాడిలాక్కు బండిలో ఛార్లెసు కెట్టరింగు అను నతడు విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనము నమర్చిన తరువాత ఈ బాధ క్రమముగా తగ్గినది. నేటికిని పాత బండికి హ్యాండిలు వేయువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, హ్యాండిలును క్రిందినుండి పైకి లాగవలెను గాని, పైనుండి క్రిందికి అణచి త్రొక్కరాదు.

మన యాంబాసిడరు వంటి బండ్లలో మీట లేదు. డిస్ట్రిబ్యూటరు అను పరికరము ఆ పనిని తానే చేసికొనును. అది ఇంజనుతో ముడిపడి, ఇంజను రెండు చుట్లు తిరిగినపుడు తాను ఒక చుట్టు తిరుగును. అందులో పాయింట్లు అను రెండు చిన్న లోహపు మొనలు ఒకదానినొకటి తాకుచు విడుచుచుండును. అవి విడివడిన క్షణముననే కాయిలులో పదివేల వోల్టులకు పైబడిన విద్యుత్తు పుట్టి ప్లగ్గున రవ్వయై దుమికిపడును. వేగము హెచ్చినపుడు డిస్ట్రిబ్యూటరులోని రెండు చిన్న బరువులు వెలుపలికి విచ్చుకొని రవ్వను ముందుకు జరుపును. బండి బరువు లేక తేలికగా పోవునపుడు ఇంజను పీల్పు చేత కదలు పొర యొకటి మరికొంత ముందుకు జరుపును. మనము చేయు పని వీని మొదటి స్థానమును సరిగా నిలుపుటయే. ఆ మొదలు తప్పిన ఆపై లెక్క యంతయు తప్పును.

ఇక అదను తప్పిన ఫలితము. రవ్వ ఆలస్యమైన ఇంజనులో బలము తగ్గును. పెట్రోలు ఎక్కువ త్రాగును. మంట పొగగొట్టములోనికి పోవుచు గూడ మండుచుండుటచే ఆ గొట్టము మిక్కిలి వేడెక్కును, రేడియేటరు నీరు కాగును. అయినను ఈ దోషము బండిని ఉన్నపాటున చంపదు, నెమ్మదిగా క్షీణింపజేయును.

రవ్వ మరీ ముందైనచో కీడు వేఱు. మంట ఒక ప్రక్కనుండి ప్రాకుచుండగా పిస్టను ఇంకను పైకి వచ్చి అదుముచుండును. ఈ రెండు ఒత్తిళ్ల నడుమ చిక్కిన మిగిలిన ఆవిరి, మంట చేరకమునుపే తనంతట తాను భగ్గుమనును. అప్పుడు ఇంజనులో గులకరాళ్లు డబ్బాలో నాడించినట్లు కటకట శబ్దము వినవచ్చును. దీనినే నాకింగు అందురు. ఎత్తు ఎక్కునపుడు, బరువు లాగునపుడు, ఎండవేళ, ఇంజను మిక్కిలి వేడెక్కినపుడు ఇది స్పష్టముగా వినబడును. విని ఊరకున్నచో పిస్టను తల కరగి చిల్లి పడును, రింగులు విఱుగును, సిలిండరు గీసికొనిపోవును.

ఇందు ఒక మోసము కలదు. రవ్వను సరియైన స్థానమునుండి కొద్దిగా ముందుకు జరిపినపుడు, తేలిక బరువుతో చదునైన దారిని పోవునపుడు బండి నిజముగనే చుఱుకుగ నడచినట్లుండును. యజమాని సంతోషించి రూపాయలిచ్చి పంపును. పరీక్ష యెదురగునది ఘాటు రోడ్డున. ఒకమారు నా షెడ్డునకు ఒక అద్దె యాంబాసిడరును త్రోసికొని తెచ్చిరి. దాని యజమాని ఒక చిన్న రైతు. ఆ బండి అద్దెలమీదనే యింటి గడచుబాటు. శ్రీశైలము ఘాటులో లాగుడు చాలుట లేదని యొకనితో చెప్పగా అతడు డిస్ట్రిబ్యూటరును ముందుకు త్రిప్పి పోయెను. నాలుగు దినములు బండి ఉత్సాహముగా నడచెను. ఐదవ దినమున ఏడుగురిని ఎక్కించుకొని ఎండలో ఘాటెక్కుచుండగా కటకట మొదలాయెను. డ్రైవరు అది వాల్వుల శబ్దమనుకొని యాక్సిలరేటరును మరింత త్రొక్కెను. నేను విప్పిచూచునప్పటికి మూడవ సిలిండరు పిస్టను తలలో వ్రేలు దూరునంత రంధ్రము. బండి నెలకు పైగా నిలిచిపోయెను. మరమ్మతు కొఱకు ఆ రైతు ఎద్దులలో నొకదానిని అమ్మవలసివచ్చెను. రెండు డిగ్రీల ఆశకు చెల్లించిన వెల అది.

ఇంధనము మారిన అదనును మారును. ఇది చాలమంది మఱచు సంగతి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు దొరకక, మన రోడ్లమీద బొగ్గుగ్యాసుతో బస్సులు నడచుట వృద్ధుల నోట మీరు వినియుందురు. వెనుక పొయ్యి, కట్టెబొగ్గు, గాలివిసరు చక్రము ఉండెడివి. ఆ గ్యాసు పెట్రోలు ఆవిరికన్న మెల్లగా మండునది. కావున రవ్వను మరికొంత ముందుకు జరిపి నడుపవలసి వచ్చెను. మరల పెట్రోలు దొరికినపుడు దానిని మునుపటి స్థానమునకు త్రిప్పవలెను. లేనిచో నాకింగు తప్పదు.

నాకింగును పెట్రోలులోనే అణచుటకు 1921లో అమెరికాలో థామసు మిడ్జిలీ సీసము కలిసిన ఒక ద్రవమును కనుగొనెను. శబ్దమణగినది గాని, పొగతో వెలువడిన సీసము మనుష్యుల నరములను, ముఖ్యముగా పసిపిల్లల మెదడును చెఱచునని తేలినది. మన దేశమున 2000వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీనుండి సీసము కలిసిన పెట్రోలు అమ్మకము నిలిచినది. 2021తో లోకమంతటను బండ్ల పెట్రోలునుండి అది తొలగినది. ఇప్పుడు మన బంకులలోని పెట్రోలున చెరకునుండియు, మొక్కజొన్ననుండియు, నూకలనుండియు తీసిన ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు నాకింగునకు ఎదురు నిలుచునదే; కాని పాత బండి కార్బురేటరులో గాలి పాలు హెచ్చినట్లగును, పాత రబ్బరు గొట్టములు పాడగును. కావున పాత బండి గలవారు టైమింగునకు ముందే పెట్రోలు గొట్టములను చూచుకొనవలెను. గొట్టము కారి నిప్పంటుకొన్నచో ఏ అదనును మనలను కాపాడదు.

ఇక సరిచూచు విధము. డిస్ట్రిబ్యూటరును తాకకముందే ప్లగ్గులను, గాలి జల్లెడను, వాల్వుల సందును, అన్నిటికన్న ముఖ్యముగా పాయింట్ల సందును చూడవలెను. యాంబాసిడరులో పాయింట్లు పూర్తిగా తెఱచుకొన్నపుడు వాని నడుమ 0.35 నుండి 0.40 మిల్లీమీటరుల సందుండవలెను. ఆ సందు పెరిగిన రవ్వ ముందగును, తగ్గిన ఆలస్యమగును. పాయింటు మడమ అరుగుటచే సందు నానాటికి తగ్గుచుండును. కావున ఏ మార్పును చేయకయే బండి మందగించినదనిన, చాలమారులు దోషము టైమింగున గాక అక్కడనే యుండును. ముందు టైమింగు సరిచేసి పిదప సందు సరిచేయువాడు రెండుమారులు పని చేయవలసియుండును.

తరువాత బండిని చదునైన నేలమీద నిలిపి, గేరు తీసి, చక్రములకు రాళ్లుంచవలెను. పంచె కొంగు, ఉత్తరీయము, చేతి గుడ్డ ఫ్యాను దగ్గరకు పోనీయరాదు. ప్లగ్గులు తీసి మొదటి సిలిండరు రంధ్రముమీద బొటనవ్రేలు పెట్టి, మరియొకరిచే ఇంజనును మెల్లగా త్రిప్పించవలెను. గాలి వ్రేలిని నెట్టుకొని వచ్చినపుడు పిస్టను అదుముచు పైకి వచ్చుచున్నదన్నమాట. అప్పుడు ముందరి కప్పీ అంచున నున్న గంటును, మూతమీద ముల్లువలె నున్న గుర్తులతో సరిపోల్చవలెను. ఎన్ని డిగ్రీలు ముందుండవలెనో ఆ బండితో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. ఆ అంకెయే ప్రమాణము. నేనైనను, మరియొకరైనను నోటిమాటగా చెప్పునది ప్రమాణము కాదు. గంటు అక్కడ నిలువగనే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి రోటరు మొదటి ప్లగ్గు తీగవైపు చూచుచున్నదో లేదో చూడవలెను. తీగలు రోటరు తిరుగు దిశలో ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసన నుండవలెను.

ఇప్పుడు పట్టు మరను కొద్దిగా వదులు చేయవలెను. 12 వోల్టుల చిన్న దీపము యొక్క ఒక తీగను డిస్ట్రిబ్యూటరునకు కాయిలునుండి వచ్చు సన్నతీగ కొసకును, రెండవ తీగను ఇంజను ఇనుమునకును కలిపి, తాళము తిప్పవలెను. పాయింట్లు తాకియున్నంతవరకు దీపము వెలుగదు. ముందుగ డిస్ట్రిబ్యూటరు ఒడలిని రోటరు తిరుగు దిశలో త్రిప్పి దీపము ఆరునట్లు చేసి, పిదప దానికి ఎదురు దిశలో వెంట్రుకవాసిగా త్రిప్పుచు రావలెను. దీపము వెలిగిన క్షణమున ఆపి మర బిగించవలెను. దీపము లేనిచో, తాళము తీసివేసి పాయింట్ల నడుమ పలుచని కాగితపుముక్క నుంచి మెల్లగా లాగుచుండవలెను. కాగితము సడలి జారిన చోటే పాయింట్లు విడిన చోటు. పని ముగియగనే తాళము తీసివేయవలెను, లేనిచో కాయిలు వేడెక్కి పాడగును. డిస్ట్రిబ్యూటరును ఒక డిగ్రీ త్రిప్పిన ఇంజను లెక్కలో అది రెండు డిగ్రీలని జ్ఞాపకముంచుకొనవలెను. అందుచేతనే చేయి ఇంత అనుకొని త్రిప్పినది ఇంజనుకు అంతకు రెట్టింపగుచున్నది.

కడపటి పరీక్ష రోడ్డుమీద. ఇంజను బాగుగ కాగిన పిమ్మట, చదునైన ఖాళీ దారిని పై గేరులో గంటకు 50 కిలోమీటరుల వేగమున పోవుచు ఒక్కసారి యాక్సిలరేటరు త్రొక్కవలెను. అతి సన్నని కటకట క్షణముండి మాయమైన తప్పు లేదు. శబ్దము నిలిచియుండినచో రవ్వను వెనుకకు జరుపవలెను. శబ్దమేమియు లేక బండి బద్ధకించినచో ఒక డిగ్రీ ముందుకు జరిపి మరల చూడవలెను. పుస్తకపు అంకెకును చెవికిని తగవు వచ్చినపుడు, శబ్దము లేని వైపే నిలుచుట మేలు. కొంచెము ఆలస్యమైన నష్టము పెట్రోలుతో పోవును. కొంచెము ముందైన నష్టము ఇంజనుతో పోవును.

క్రొత్త బండ్ల మాట వేఱు. వానిలో త్రిప్పుటకు డిస్ట్రిబ్యూటరే లేదు. చిన్న కంప్యూటరు ప్రతి చుట్టును లెక్కించుచు, నాకింగును వినుటకై ఇంజనునకు తగిలించిన చెవి వంటి సాధనముతో శబ్దము పుట్టగనే రవ్వను వెనుకకు జరుపుకొనును. అట్టి బండి లెక్కలను మార్చి బలము పెంచెదమని చెప్పువారును నేడు కలరు. తయారుచేసినవారు ఎండను, కొండను, నాసి పెట్రోలును తలచి విడిచిన జాగ్రత్తను వారు అమ్ముచున్నారే గాని క్రొత్త బలము నేమియు పుట్టించుట లేదు.

బావి గట్టున నున్న ఆయిలు ఇంజనులో రవ్వ లేదు. అదిమిన గాలి వేడికే నూనె మండును. అక్కడ అదను అనగా నూనె చిమ్ము సమయము. చాల ఇంజనులలో నూనె పంపు క్రింద నున్న పలుచని రేకులే ఆ సమయమును నిర్ణయించును. పంపు విప్పినవాడు ఎన్ని రేకులు తీసెనో అన్నియు మరల నుంచెనా యని దగ్గర నిలిచి లెక్కించుకొనుడు. అది యజమాని చేయదగిన పని. అందుకు మెకానిక్కు కానక్కరలేదు. ఇంతటితో సెలవు.